మేనకోడలి గదిలో ఎవరో ఉన్నారు

ఆ రోజుల్లో అనగానే మరీ పాత కాలం అనుకోకండి. సిద్దిపేట జిల్లా అయ్యి, ఊరి రోడ్లు వెడల్పై, రోడ్ల మధ్య దీపాల స్తంభాలు మొలుస్తున్న రోజులు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఆ ఫోన్లలో కళ్లు చెదిరే ఇళ్లున్నాయి. మన ఇళ్లలో మాత్రం బియ్యం బస్తా మీద ఇస్త్రీ బట్టలు, ఆ బట్టల మీద చార్జింగ్ పెట్టిన ఫోను, ఆ ఫోనులో మళ్లీ ఆ అందమైన ఇళ్లు. ఈ దూరాన్ని తగ్గించడానికే దేవుడు నన్ను పుట్టించాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. హైదరాబాద్‌లో ఇంటీరియర్ డిజైన్ కోర్సు ముగించుకుని, సంచీ నిండా రంగుల అట్టలు, ఒక టేపు, బోలెడంత గర్వం పట్టుకుని ఇంటికొచ్చాను. వయసు ఇరవై రెండు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు కదా (ఆ తర్వాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతుంది).

మా బాపుది హార్డ్‌వేర్ దుకాణం. మేకులు, గొళ్లేలు, పెయింట్ డబ్బాలు, పైపులు. ఇంటి కోసం మనిషికి కావలసినవన్నీ తన దుకాణంలోనే ఉన్నాయని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పడానికి వేరే మనిషి ఎందుకని ఆయన వాదన. "మంది ఇండ్లల్ల పరదాలు కట్టనీకి గంత సదువెందుకు బిడ్డా? బ్యాంకు కోచింగుకు పో, ఏసీల కూసుంటవ్" అనేవాడు. ఈ పేచీ నడుస్తుండగానే మా అన్నకు ఆడపిల్ల పుట్టింది. వదిన కాన్పుకు పుట్టిల్లు మద్దూరు వెళ్లింది, పాపను ఐదో నెలలో తీసుకొస్తారు. అంతలోపు పాపకు ఒక గది తయారు చేస్తానని నేను ప్రకటించాను. బాపు టీ తాగుతూ కాసేపు ఆలోచించి అన్నాడు, "సరే, గా ఒక్క అర్ర చేసి సూపియ్యి. మీ వదినె వచ్చి మంచిగుంది అంటే దుకాణం పక్కపొంటి జాగ నీకిస్త. బోర్డు పెట్టుకో. మంచిగ లేదంటే మాత్రం సప్పుడు చేయకుంట కోచింగుకు పోవాలె." నా జీవితమంతా ఇంకా పళ్లు రాని ఒక పిల్ల గది మీద ఆధారపడిపోయింది.

ఖాళీగా ఉన్నది మేడ మీద వెనకవైపు గది ఒక్కటే. దుకాణంలో పట్టని సరుకు అందులో పడేసేవాళ్లం. అమ్మ దాన్ని చల్లటి అర్ర అనేది. నిజంగానే ఎండాకాలంలో కూడా ఆ గడప దాటితే చేతుల మీద రోమాలు లేచేవి. తడిసిన సిమెంటు, పాత గోనె సంచులు కలిసిన వాసన. తలుపు తీస్తే తీసినట్టు ఉండదు, మన వీపు తిరగ్గానే నెమ్మదిగా, ఎవరో పట్టుకుని వేస్తున్నంత మర్యాదగా మూసుకునేది. గదికి ఒక కిటికీ ఉండేది కానీ అది బాపు కోపానికి బలైపోయింది. మా వెనకింటి వాళ్లు బోరు వేసిన ఏడాదే మా బోరు ఎండిపోయింది. మాటా మాటా పెరిగింది. వాళ్ల మొహం చూడకూడదని బాపు ఆ కిటికీని ఇటుకలతో కట్టించేశాడు. అప్పటినుంచి మా ఇంట్లో వాళ్ల పేరు బోరోళ్లు. వాళ్ల వాకిలి అవతలి గల్లీలో ఉండేది కాబట్టి ఎదురుపడే పని కూడా లేకపోయింది. నేను మొట్టమొదట అడిగింది ఆ కిటికీ తెరవమని. "పిల్లకు గాలి, వెలుతురు ఉండాలి బాపూ" అంటే, "ఫ్యాన్ లేదా? లైట్ లేదా?" అన్నాడు. అక్కడితో ఆ సంగతి ముగిసింది.

సరే, ఉన్నదాంట్లోనే చేద్దామని దిగాను. నా ప్లాన్ చెబితే ఇప్పటికీ నాకు ముద్దొస్తుంది. గోడలకు లేత ఆకుపచ్చ, తడిగుడ్డతో తుడిస్తే మరకలు పోయే రంగు. పాకే పిల్ల మోకాళ్లకు దెబ్బ తగలకుండా కింద మెత్తటి పరుపు. లంగోటాలు, పాల సీసాలు, పౌడరు డబ్బా వదిన కూర్చున్న చోటి నుంచే అందేలా పొట్టి అల్మారా. మూలలు గుండ్రంగా చెక్కించిన మంచం. వదిన పాలిచ్చేటప్పుడు మోచేతులు ఆనించుకోవడానికి చేతుల కుర్చీ. ఫోన్లో చూసిన గదుల్లో లేకపోయినా, మన పిల్లలు గుడ్డ ఉయ్యాలలోనే నిద్రపోతారని తెలుసు కాబట్టి కప్పుకు ఒక కొక్కెం, దానికి వదిన పాత నూలు చీరతో ఉయ్యాల. ఇక అందం కోసం, మంచానికి ఎదురు గోడ మీద, ఫోన్లో ఎక్కడ చూసినా కనిపించే ఒక బొమ్మ వేశాను. పెద్ద పెద్ద గుండ్రటి కళ్ల గుడ్లగూబ.

అమ్మ పైకొచ్చి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఓసి నీ పాడుగాను! పసిపిల్ల అర్రల పైడికంటేందే? కండ్లు తెరిస్తే దాని మొకం చూడాల్నా పిల్ల?" అని గోల. స్టైల్ గురించి నేను చెప్పిందేదీ ఆమె చెవికెక్కలేదు. చివరికి దాని మీద రంగు పూయడానికి ఒప్పుకున్నాను. ఇక్కడే మొదటి తేడా జరిగింది. రెక్కలు పోయాయి, ముక్కు పోయింది, కొమ్మ పోయింది. కళ్లు మాత్రం పోలేదు. తడిగా ఉన్నంతసేపు గోడంతా ఆకుపచ్చగా ఉండేది. ఆరుతూ ఉంటే రెండు బూడిదరంగు గుండ్రాలు లోపలి నుంచి మెల్లగా పైకి తేలేవి. మళ్లీ పూశాను. మళ్లీ తేలాయి. (కళ్లకు మాత్రం బాపు దుకాణంలోని నల్ల ఎనామిల్ వాడానని, దాని మీద నీళ్ల రంగు నిలవదని నాకు తెలుసు. తెలిసినా, ఆ గదిలో ఒంటరిగా నిలబడి ఆ రెండు కళ్లూ తేలడం చూస్తుంటే ఆ తెలివి పెద్దగా పనికిరాలేదు.)

అదే వారం నా గర్వానికి పరాకాష్ఠ అయిన వస్తువు వచ్చింది. బేబీ మానిటర్. హైదరాబాద్‌లో నాతో చదివిన అమ్మాయి వాళ్లక్క వాడేసి పక్కన పెట్టినవి నాకు పంపింది. తెల్లటి చిన్న డబ్బాలు రెండు. ఒకటి పాప గదిలో పెడితే అది అక్కడి చప్పుడంతా వింటుంది. రెండోది మనం ఎక్కడుంటే అక్కడ పెట్టుకుంటే ఆ చప్పుడు మనకు వినిపిస్తుంది. అమ్మ వాటికి వినే డబ్బా, చెప్పే డబ్బా అని పేర్లు పెట్టింది. వినే డబ్బాను పైన పొట్టి అల్మారా మీద పెట్టి, చెప్పే డబ్బాను వంటింట్లో అమ్మ పక్కన ఆన్ చేసి, నేను మళ్లీ పైకెళ్లి గుడ్లగూబ మీద యుద్ధం మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక గల్లీ అంతా నిద్రపోయే సమయం. బయట మబ్బు పట్టి ఉంది. ఆ కళ్లు మూడోసారి తేలేసరికి నాకు ఒళ్లు మండి, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడుకునే నా అలవాటు కొద్దీ గట్టిగానే అరిచాను. "ఎంత పూసినా నీ కండ్లు మూతపడ్తలేవేందే? ఇయ్యాల నీ కండ్లు మూసేదాక గీ అర్రల కెంచి పోను. నువ్వో నేనో తేలాలె!"

కాసేపటికి అమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో సగం గిల్లిన చిక్కుడుకాయ అలాగే ఉంది.

"నీతోని ఎవలున్నరే పైన?"

"ఎవ్వలు లేరమ్మా."

"మరి ఎవలో ఆడామె మాట్లాడుతుంది గదా?"

"నేనే కావచ్చు. నాలో నేను ఏదో అనుకుంటున్న."

"నీ గొంతు నాకు తెల్వదా? నువ్వు ఒర్లుడైనంక ఆమె అందుకుంది. ఏడ్సుకుంట మాట్లాడుతుందే. 'నీకు దండం పెడ్త, నీకేం గావాల్నో చెప్పు, మా పిల్లను ఇడిచిపెట్టు' అంటుంది."

అమ్మ తలుపు వెనక చూసింది. మంచం కింద చూసింది. ఆ గదికి ఒకటే తలుపు, కిటికీ ఇటుకలతో కట్టేసి ఉంది. చూడటానికి ఇంకేమీ లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గోడ మీది కళ్లు మా ఇద్దరినీ చూశాయి.

చదువుకున్నదాన్ని కదా, పరీక్ష చేసి చూద్దామన్నాను. గదికి బయట గొళ్లెం పెట్టి, ఇద్దరం కిందికి వచ్చి వంటింట్లో చెప్పే డబ్బా ముందు కూర్చున్నాం. చాలాసేపు సన్నటి గుయ్ తప్ప ఏమీ లేదు. నేను నవ్వబోయాను. అప్పుడు బట్ట ఈడుస్తున్నట్టు ఒక చప్పుడు. తర్వాత ఊపిరి. పెద్దవాళ్ల ఊపిరి కాదు. చిన్నది, తడిగా, తొందర తొందరగా, నిద్రలో పసిపిల్ల తీసే ఊపిరి. మా పాప అప్పుడు మద్దూరులో ఉంది. పైన గదిలో ఖాళీ ఉయ్యాల తప్ప ఏమీ లేదు. ఆ ఊపిరి వెనకాల, ఎక్కడో లోతులోంచి, ఒక ఆడ గొంతు మూలుగులా మొదలై జోలపాటలోకి మారింది. మాటలు తెలియడం లేదు. రాగం మాత్రం ఎంతో ఓపిగ్గా, పిల్ల నిద్రపోయేదాకా పాడటానికి సిద్ధంగా ఉన్నట్టు సాగుతోంది. అమ్మ చేతిలోని చిక్కుడుకాయలు ఒక్కొక్కటే జారి పళ్లెంలో పడటం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను పైకెళ్లాను. ధైర్యం ఉండి కాదు, అమ్మ ముందు భయపడితే నా కోర్సు పరువు పోతుందని. గొళ్లెం తీసి తలుపు తోశాను. చల్లగాలి మొహానికి తగిలింది. ఉయ్యాల గుడ్డ కొద్దిగా, చాలా కొద్దిగా కదులుతోంది. తలుపు తీసిన గాలికే అని నాకు నేనే చెప్పుకుని, వెళ్లిన దానికంటే వేగంగా కిందికొచ్చాను. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నువ్వు గొళ్లెం తీయంగనే పాట ఆగింది బిడ్డా" అంది.

ఆ సాయంత్రమే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మా అన్న, "గివన్నీ మీ ఆడోళ్ల భయాలు" అని పైకెళ్లి, గది మధ్యలో నిలబడి "ఎవడ్రా గీడ?" అని అరిచాడు. కింద చెప్పే డబ్బా ఒక క్షణం ఆగి, మనిషి నోటినుంచి రాని ఒక కీచు అరుపు అరిచింది. బాపు చేతిలోని టీ లుంగీ మీద పడింది. అన్న మెట్ల మీద ఎలా దిగాడో ఎవరం చూడలేదు, కింద ఉన్నాడు, అంతే. ఆ రోజు నుంచి మేడ మీది తన గది వదిలేసి హాల్లో చాప వేసుకున్నాడు. అడిగితే "పైన సిగ్నల్ వస్తలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున బట్టలారేయడానికి డాబా ఎక్కిన అమ్మ కెవ్వుమంది. వెనక ప్రహరీ గోడ మీద, సరిగ్గా మా ఇటుకల కిటికీకి ఎదురుగా, కుంకుమ పూసి కోసిన బూడిద గుమ్మడికాయ, మేకులు గుచ్చిన నిమ్మకాయలు, నల్లగుడ్డలో కట్టిన ఏదో మూట. అమ్మకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. "బోరోళ్లే! మన పిల్ల మీద బాణామతి చేస్తున్నరు!" బాపు కర్ర పట్టుకుని లేచాడు. అమ్మ అడ్డం పడి, బాణామతి చేసేవాళ్లతో గొడవ పెట్టుకుంటే రక్తం కక్కుకుంటారని బతిమాలి కూర్చోబెట్టింది. నేను "గవన్నీ ఉత్త ముచ్చట్లు అమ్మా" అన్నాను. అన్నాను కానీ, ఆ రోజు నుంచి తలుపుకు పెయింట్ డబ్బా అడ్డం పెట్టి, ఆంజనేయుణ్ణి మనసులో తలుచుకుంటూ పని చేశాను (పైకి తలుచుకుంటే దయ్యం ముందు లోకువైపోతానని). నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడలేదు.

అసలు దెబ్బ మద్దూరు నుంచి తగిలింది. అమ్మ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్ చేసి "పిల్ల మంచిగుందా, పాలు తాగుతుందా, ఊకె ఉలిక్కిపడుతుందా" అని అడుగుతుంటే వదిన వాళ్లమ్మకు అనుమానం వచ్చింది. అన్నను గుచ్చి గుచ్చి అడిగితే వాడు మొత్తం కక్కేశాడు. వెంటనే ఆమె ఫోన్. "గిట్లనుకోకు వదినె. గా అర్ర సంగతి తేలేదాక నేను పిల్లను తోలియ్య." అమ్మ ఫోన్ పెట్టేసింది. మనవరాలి కోసం కుట్టిన చిన్న చిన్న గౌన్లు అల్మారాలోంచి తీసి, మడత విప్పి, మళ్లీ అలాగే మడిచి పెట్టింది. బాపు ఆ రాత్రి భోజనం దగ్గర నాతో ఒకటే మాట అన్నాడు. "కోచింగు ఎప్పుడు షురూ అయితదో కనుక్కో." నాకు ఏడుపొచ్చింది. కోచింగ్ గురించి కాదు. నేను ముచ్చటపడి చేసిన గదిలోకి ఒక పసిపిల్ల రావడానికే వీల్లేకుండా పోయింది. పోనీ నా వల్ల కాదు అనుకుందామంటే, ఆ గొంతును ఇంట్లోకి తెచ్చిన డబ్బా నేను తెచ్చిందే.

శుక్రవారం పొద్దున అమ్మ తలస్నానం చేసి, పళ్లెంలో కొత్త చీర, రవికె గుడ్డ, గాజులు, పసుపు కుంకుమ సర్ది, హారతి వెలిగించింది. "నేను పోయి అడుగుత. అదెవలో, దానికేం గావాల్నో. ఆడదే గదా, ఆడదానితోని మాట్లాడుతది." బాపు, అన్న అప్పటికే దుకాణానికి వెళ్లిపోయారు (ముఖ్యమైన గిరాకీ వస్తుందని ఆ రోజు మామూలుకంటే ముందే వెళ్లారు). నా పని మెట్ల కింద చెప్పే డబ్బా పట్టుకుని నిలబడి, పైన అమ్మకు వినబడని జవాబును ఆమెకు అరిచి చెప్పడం.

అమ్మ గొంతు పైనుంచి వణుకుతూ వచ్చింది. "అమ్మా... తల్లీ... నీకు దండం పెడుతున్న. నువ్వెవలు?"

డబ్బా గుయ్‌మంది. తర్వాత ఒక ఆడ గొంతు. ముసలిది, బొంగురుగా. "గదే నేను అడుగుతున్న. నువ్వెవలు?"

 నేను పైకి అరిచాను. "అమ్మా! నువ్వెవలని అడుగుతుంది!"

"నేను గీ ఇంటామెను తల్లీ."

"ఏ ఇంటామెవు? గీ ఇంటామెను నేను!" అంది డబ్బా.

"అమ్మా! ఈ ఇల్లు తనదేనంట!"

పైన పళ్లెం గలగలలాడింది. కానీ మా అమ్మ దయ్యానికి భయపడుతుంది తప్ప ఆస్తి విషయంలో ఎవరికీ భయపడదు. గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "నీదెట్లయితది? మా పెనిమిటి రెక్కలు ముక్కలు చేసుకోని కట్టిండు. కాయిదాలున్నయ్ మా దగ్గర!"

"మా దగ్గర లేవా కాయిదాలు? రిజిస్ట్రీ అయినయ్!"

దయ్యాల దగ్గర రిజిస్ట్రీ కాగితాలుంటాయని నాకు తెలియదు. అయినా చెప్పాను. అమ్మ చివరి అస్త్రం తీసింది. "నిజం చెప్పు. మా ఎనుక ఉన్న బోరోళ్లు బాణామతి చేసి పంపితే వచ్చినవా నువ్వు?"

డబ్బా నిశ్శబ్దమైపోయింది. గుయ్ కూడా లేదు.  తర్వాత ఆ ముసలి గొంతు మెల్లగా, ఒక్కో మాటే తూచినట్టు అంది.

"బోరోళ్లా? బోరు మాది. అంటే... మీరు గా ఇటుకలోళ్లా?"

దాన్ని నేను అమ్మకు అరిచి చెప్పలేదు. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, అమ్మను దాటుకుని, డాబా మీదికి పరిగెత్తి వెనక పిట్టగోడ మీద నుంచి వంగి చూశాను. వెనకింటి వరండాలోకి ఒక ముసలమ్మ గబగబా వచ్చింది. ఆమె వెనకాల, చంకలో పసిపిల్లతో ఒక అమ్మాయి. ముసలమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆమె చేతిలో అచ్చం నా చేతిలో ఉన్నలాంటి తెల్లటి డబ్బా. ఆమె తన డబ్బా పైకెత్తింది. నేనూ నాది పైకెత్తాను.

ఆ అమ్మాయి ముసలమ్మ మనవరాలు. చంద్లాపూర్‌లో అత్తగారిల్లు, కాన్పుకు వచ్చింది. వాళ్లాయన ఎక్కడినుంచో తెచ్చిన డబ్బాలూ మా డబ్బాలూ ఒకే రకానివి, గాలిలోంచి పట్టుకునే తరంగం కూడా ఒకటే. మా పాప గది వెనకాలే గోడ అవతల వాళ్ల పాప గది. మా మాటలు వాళ్ల డబ్బాలో, వాళ్ల మాటలు మా డబ్బాలో. అన్న అరిచిన సాయంత్రం వచ్చిన కీచు కూడా డబ్బాలు ఒకదాని కేక ఒకటి విని పెట్టిందే. ఆ అమ్మాయే నవ్వాపుకోలేక ఇదంతా విప్పి చెప్పింది. ముసలమ్మ మాత్రం ఇంకా నవ్వడం లేదు.

"ఆడపిల్లవు, గంత మాట ఎట్లంటివే బిడ్డా? 'నీ కండ్లు మూసేదాక గీ అర్రల కెంచి పోను' అంటివి. మా పిల్ల పక్కనే కూసున్న నేను. నాకు పానం పోయినంత పనైంది. గుమ్మడికాయ కొట్టిచ్చినం, నిమ్మకాయలు కట్టిచ్చినం. ఎవలి కండ్లే అవి?"

"గుడ్లగూబయి అవ్వా" అన్నాను.

అప్పుడు నవ్వింది, బోసినోటితో, పిట్టగోడ ఇవతలికి వినిపించేంతగా. అమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది, హారతి పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి చంకలోని పిల్లను చూసింది. ఒక పసిపిల్ల తమ గోడ వెనకే పుట్టి, ఏడ్చి, స్నానం చేసి, నిద్రపోతుంటే ఇన్ని రోజులూ తెలియలేదు కదా అనుకుందో ఏమో, కళ్లు తుడుచుకుంది. "బాలింత పిల్ల. బొట్టు పెట్టక ఎట్ల" అంటూ నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగి, ప్రహరీ గోడ దగ్గర స్టూలెక్కి, దయ్యం కోసం తెచ్చిన చీర, రవికె, గాజులు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి వంగి గోడ మీద నుంచే అమ్మ చేతులకు దండం పెట్టింది.

ఇంత సంతోషంలో ముసలమ్మ నా వైపు తిరిగి అంది, "ఎట్లన్న గాని బిడ్డా, పాట మంచిగ పాడుతవ్. మేం భయపడ్డం గాని, మా పిల్ల నీ జోలపాటకే పండుకుంటుండె."

నేను నవ్వుతూనే అన్నాను. "నేను పాడలేదు అవ్వా. పాడింది మీరు గదా?"

"నేనా? నా గొంతు ఇన్నవు గదా. నేనెన్నడు పాడలే."

మనవరాలు తల అడ్డంగా ఊపింది. తనూ కాదు. అమ్మ కూడా కాదు. ఎండ బాగా కాస్తోంది. ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూసింది. నలుగురం గోడకు అటూ ఇటూ నిలబడి, కాసేపు ఎవరం ఎవరి మొహమూ చూడలేదు. ఆ పసిపిల్ల మాత్రం మా తలల మీదుగా, మా ఇటుకల కిటికీ వైపు చూస్తూ బోసిగా నవ్వింది. "ఇంకెవలింట్లనన్న ఉండొచ్చు గిసొంటి డబ్బా" అంది అమ్మ చివరికి. "ఆ, ఉంటది" అంది ముసలమ్మ. రెండిళ్ల వాళ్లం రెండు గల్లీల్లోనూ అడిగాం. అలాంటి డబ్బా ఇంకెవరింట్లోనూ లేదు. అమ్మ మా డబ్బాలను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. బ్యాటరీ సెల్లులు తీసేశామనే నాకు గుర్తు.

బాపు దుకాణం నుంచి వచ్చి అంతా విని భోంచేశాడు. మర్నాడు ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని పైకెళ్లి కిటికీ ఇటుకలు తీయించాడు. "పిల్లకు గాలి రావాలె గదా. గా మాత్రం తెల్వదానే నీకు?" అని నన్నే కసిరాడు. తెరిచిన కిటికీలోంచి వెలుతురు గదంతా పరుచుకుంది. నాకు మొదటిసారి ఆ లేత ఆకుపచ్చ అసలు రంగు కనిపించింది. గోడ మీది కళ్లను మాపలేక రెండు పొద్దుతిరుగుడు పువ్వులుగా మార్చేశాను. వదిన పాపను ఎత్తుకుని వచ్చి, చేతుల కుర్చీలో కూర్చుని, పక్కనున్న అల్మారాలోంచి లేవకుండానే లంగోటా అందుకుని, "ఇది మస్తు పనికొస్తది మరదలా" అంది. బాపు విననట్టు బయటికి వెళ్లిపోయాడు. దుకాణం పక్క జాగాలో నా బోర్డు నెల తిరక్కుండానే లేచింది. మొదటి పని ఇచ్చింది వెనకింటి మనవరాలే. చంద్లాపూర్‌లో వాళ్లత్తగారింట్లో పాప గది. మా పాప విషయానికొస్తే, నేను చేసిన ఆ గదిలో పట్టుమని ఒక పూట కూడా నిద్రపోలేదు. కింద హాల్లో, అమ్మ మంచం పక్కన, గుడ్డ ఉయ్యాలలో, టీవీ చప్పుడు మధ్యనే హాయిగా పెరిగింది.

ఇప్పుడు నేను ప్రజ్ఞాపూర్ వైపు కొత్తగా లేచే ఇళ్లకు కూడా గదులు చేస్తున్నాను. ఇలా ఉండాలి అని గట్టిగా చెప్పడం తగ్గింది. మీ పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఎవరి పక్కన పడుకుంటుంది అని అడుగుతాను. మొన్న వేసవి సెలవుల్లో, బడికి వెళ్తున్న నా మేనకోడలు తన గదికి రంగు మార్చాలని పట్టుబట్టింది. ఇద్దరం పాత బట్టలు కట్టుకుని, గీకుడు పట్టీలతో ఆ లేత ఆకుపచ్చను గోడ మీదనుంచి గీకుతున్నాం. కిటికీ తెరిచే ఉంది. మధ్యాహ్నం, గల్లీ నిద్రపోతోంది.

"అత్తా, గీ రంగు ఎవలేసిన్రు?" అంది ముక్కు చిట్లించి.

"ఎవలో ఒక పిల్ల. మస్తు తెలివిగలదాన్ని అనుకునేది. గీ అర్ర మంచిగ చేస్తే లోకమంత మంచిగైతదనుకునేది."

"ఇప్పుడేడుంది?"

నేను గీకడం ఆపి గది చుట్టూ చూశాను. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

"గీడనే ఏడనో ఉంటది బిడ్డా" అన్నాను.

అది చేతిలో పట్టీ అలాగే పట్టుకుని, నా వైపు కొంచెం దగ్గరగా జరిగింది.